నలుగురు అన్నదమ్ములు – ఒక ఆట
(లాక్రాస్ ఆట, 2017 పోటీల గురించి తెలుసుకుందాం)



మన గోడపత్రికలో కబడ్డీ గురించి, ఖోఖో గురించి చదివారు కదా. ఈసారి మనం మన గ్రౌండులో ఎప్పుడూ ఆడని ఆట గురించి రాస్తున్నాను. దాని పేరు లాక్రాస్. ఇది అమెరికా, కెనడాలలో ఉండే ఆదివాసుల ఆట. అందుకే ఇది మనం తెలుసుకోవాలి.

ఆట ఎవరిది?

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం వైపు, కెనడాలో కొంత భాగంలో హోడెనోషోనీ అనే ఆదివాసులు ఉన్నారు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అని వాళ్ళలో ఆరు తెగలు. ఈ ఆటను దేవుడు ఇచ్చిన ఆట అని వాళ్ళు నమ్ముతారు. ఊళ్ళో ఎవరికన్నా జబ్బు చేస్తే బాగవ్వాలని కూడా ఆడతారు. మగబిడ్డ పుడితే చిన్న కర్ర చేసి ఇస్తారు. చనిపోతే కర్రను పక్కన పెట్టి సాగనంపుతారు. కర్రను హికరీ అనే చెట్టు కలపతో చేస్తారు, దాన్ని వంచి చివర వల అల్లుతారు. లాక్రాస్ అనేది ఫ్రెంచి వాళ్ళు పెట్టిన పేరు.

ఒక సంగతి నాకు నచ్చలేదు. ఆ పవిత్రమైన చెక్క కర్రను ఆడవాళ్ళు ముట్టుకోకూడదంట. కానీ ప్లాస్టిక్ కర్రతో ఇప్పుడు ఆడపిల్లలు కూడా ఆడుతున్నారు. హోడెనోషోనీ ఆడవాళ్ళ జట్టు ప్రపంచ పోటీలకు కూడా వెళ్తుంది.

1867లో బీర్స్ అనే కెనడా పళ్ళ డాక్టరు ఈ ఆటకు నియమాలు రాశాడు. తర్వాత 1880లో కెనడా లాక్రాస్ సంఘం ఆదివాసులను తన పోటీలకు రానివ్వలేదు. వాళ్ళు డబ్బు తీసుకుని ఆడతారు అని కారణం చెప్పింది. చూడండి, ఆట వాళ్ళది, బయట నిలబడింది కూడా వాళ్ళే!

లోపల ఆడే లాక్రాస్

లాక్రాస్ బయట పెద్ద మైదానంలో ఆడతారు. హాలు లోపల కూడా ఆడతారు. లోపల ఆడేదాన్ని బాక్స్ లాక్రాస్ అంటారు. ఇది 1930ల్లో కెనడాలో మొదలైంది. అక్కడ చలికాలంలో మంచు మీద హాకీ ఆడే హాళ్ళు ఉంటాయి. ఎండాకాలంలో అవి ఖాళీగా ఉండేవి. అందులో లాక్రాస్ ఆడటం మొదలుపెట్టారు.

నియమాలు ఇవి:
1. ఒక్కో జట్టులో లోపల ఆరుగురు ఉంటారు. అయిదుగురు పరుగెత్తేవాళ్ళు, ఒకరు గోలీ.
2. బంతి రబ్బరుది, గట్టిగా ఉంటది. దాన్ని చేత్తో పట్టుకోకూడదు. కర్ర చివరి వలలో పట్టుకుని పరుగెత్తాలి, విసరాలి.
3. గోలు 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల 9 అంగుళాల వెడల్పు. గోలీ లావు లావు కవచాలు కట్టుకుని నిలబడితే గోలు కనబడనే కనబడదు.
4. బంతి దొరికిన జట్టు 30 సెకన్లలో గోలు వైపు కొట్టాలి. లేకపోతే బంతి అవతలివాళ్ళకు పోతుంది.
5. ఒక్కొక్కటి 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. సమానమైతే అదనపు సమయం. అందులో మొదటి గోలు ఎవరు వేస్తే వాళ్ళే గెలిచినట్టు.

అమెరికా, కెనడా జట్లు కలిసి ఆడే పెద్ద పోటీ పేరు నేషనల్ లాక్రాస్ లీగ్. అది 1987లో నాలుగు జట్లతో మొదలైంది. ఇందులో చాలామంది ఆటగాళ్ళకు వేరే ఉద్యోగాలు ఉంటాయి. వారమంతా పని చేసుకుని, శని ఆదివారాల్లో వచ్చి ఆడతారు.

థాంప్సన్ అన్నదమ్ములు

ఒనొండాగా ఊరిలో పెరిగిన నలుగురు అన్నదమ్ములు జెరెమీ, జెరోమ్, మైల్స్, లైల్. అందరికన్నా పెద్దోడు జెరెమీ, చిన్నోడు లైల్. జెరెమీ చిన్నప్పుడు మోహాక్ భాషలో చెప్పే బడిలో చదివాడు. తర్వాత ఇంగ్లీషు బడికి వచ్చి చదువులో చాలా కష్టపడ్డాడు. అయినా వదలలేదు. ముందు ఊరి దగ్గరి చిన్న కాలేజీలో చదివి, ఆ తర్వాత సిరక్యూస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. ఇంట్లో కోయ మాట్లాడతాం. ఒకటో తరగతిలో టీచరు తెలుగులో చెప్పింది నాకు సగం కూడా అర్థం కాలేదు.

మైల్స్, లైల్ ఇద్దరూ ఆల్బనీ విశ్వవిద్యాలయంలో ఆడారు. అమెరికా కాలేజీల్లో అందరికన్నా బాగా ఆడినవాళ్ళకు ఏటా టెవారటన్ అనే బహుమతి ఇస్తారు. అది మోహాక్ మాట. లాక్రాస్ అనే అర్థం. పేరు ఆదివాసులది, కానీ 2014 వరకు ఒక్క ఆదివాసికీ అది రాలేదు. ఆ ఏడాది మైల్స్‌కు, లైల్‌కు కలిపి ఇచ్చారు. 2015లో మళ్ళీ లైల్‌కే వచ్చింది.

2017 పోటీలు

జార్జియా స్వార్మ్ అనే జట్టు ఉంది. స్వార్మ్ అంటే తేనెటీగల దండు. అది ముందు మినెసోటాలో ఉండేది, 2015లో జార్జియా రాష్ట్రానికి మారింది. శిక్షకుడు ఎడ్ కోమో, గోలీ మైక్ పౌలిన్. అందులో జెరోమ్, మైల్స్, లైల్ ముగ్గురూ ఉన్నారు. పెద్దన్న జెరెమీ మాత్రం కెనడాలోని సస్కచ్వాన్ రష్ జట్టులో ఉన్నాడు.

ఆ ఏడాది లీగ్‌లో 9 జట్లు. ఒక్కో జట్టుకు 18 ఆటలు. జార్జియా 13 గెలిచింది, 5 ఓడింది. తూర్పు విభాగంలో మొదటి స్థానం వచ్చింది. లీగ్ మొత్తంలో ఉత్తమ ఆటగాడుగా లైల్‌ను ఎన్నుకున్నారు.

చివరికి ఫైనల్లో జార్జియాకు ఎదురు వచ్చింది ఎవరు? సస్కచ్వాన్ రష్! 2015, 2016 రెండేళ్ళూ కప్పు వాళ్ళదే. ఒకవైపు ముగ్గురు తమ్ముళ్ళు, అవతలివైపు అన్న. వాళ్ళమ్మ ఎవరు గెలవాలని మొక్కుకుందో!

మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళకు కప్పు. మొదటి ఆట జార్జియాలో. 18–14తో స్వార్మ్ గెలిచింది. రెండో ఆట జూన్‌లో కెనడాలోని సాస్కటూన్ పట్నంలో. అక్కడి జనం అంతా రష్ వైపే. 60 నిమిషాలు అయిపోయేసరికి 14–14 సమానం. ఇంక ఒక్క గోలు! అదనపు సమయంలో మైల్స్ ఆ గోలు వేశాడు. 15–14. జార్జియా స్వార్మ్‌కు కప్పు రావడం అదే మొదటిసారి. ఫైనల్లో ఉత్తమ ఆటగాడు కూడా లైలే. మరుసటి ఏడు 2018లో రష్ జట్టు మళ్ళీ కప్పు గెలుచుకుంది.

జడ సంగతి

ఈ అన్నదమ్ములు పొడుగు జడలు వేసుకుంటారు. అది వాళ్ళ ఆచారం. 2019 జనవరిలో ఫిలడెల్ఫియాలో ఆట జరుగుతుండగా, మైకులో చెప్పే మనిషి లైల్ జుట్టు కత్తిరించేద్దాం అన్నట్టు ఎగతాళిగా మాట్లాడాడు. జనంలో కొందరు కూడా అలా అరిచారు. లైల్ కొట్లాడలేదు. ఇది తప్పు అని అందరికీ తెలిసేలా రాశాడు. ఆ మనిషిని పనిలోంచి తీసేశారు.

అది ఎందుకంత పెద్ద మాట అయ్యింది? ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే కార్లైల్ అనే ఊరు ఉంది. అక్కడ 1879 నుండి 1918 వరకు ఆదివాసీ పిల్లల హాస్టలు బడి నడిచింది. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేవాళ్ళు. సొంత భాష మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. అందుకని జడ మీద మాట అంటే వాళ్ళ తాతల బాధ మీద మాట అన్నట్టే.

నేను మూడో తరగతిలో ఒక హాస్టల్లో చేరినప్పుడు పేలు పడతాయని నా జుట్టు మొత్తం తీసేశారు. పేలు నిజమే. కానీ ముందు నన్ను ఒక మాట అడిగితే బాగుండేది. సెలవులకు వెళ్తే మా అవ్వ నన్ను చూసి ఏడ్చింది. లైల్ సంగతి చదివాక అవ్వ ఎందుకు ఏడ్చిందో నాకు తెలిసింది.

ఇప్పుడు ఏమి కావాలి?

2028లో లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్‌లో లాక్రాస్ పెట్టారు. ప్రపంచ లాక్రాస్ పోటీల్లో హోడెనోషోనీ వాళ్ళు 1990 నుండి సొంత జెండాతో ఆడుతున్నారు. 2023లో మగవాళ్ళ జట్టుకు మూడో స్థానం వచ్చింది. కానీ ఒలింపిక్స్‌కు రావాలంటే దేశానికి ఒలింపిక్ కమిటీ ఉండాలి. వాళ్ళకు లేదు. మా ఆటలో మమ్మల్ని మా జెండాతో ఆడనివ్వండి అని అడుగుతున్నారు. అడగటం న్యాయమే అని నేను అనుకుంటున్నాను.

గుర్తుంచుకోండి
• లాక్రాస్ పుట్టింది ఆదివాసుల దగ్గర.
• 2017లో కప్పు గెలిచింది జార్జియా స్వార్మ్. స్కోరు 18–14, 15–14.
• ఆట నేర్చుకున్నా, చదువు నేర్చుకున్నా మన భాష, మన జడ పోగొట్టుకోనక్కర్లేదు.

ప్రశ్నలు
1. బాక్స్ లాక్రాస్‌లో ఒక జట్టులో ఎంతమంది ఆడతారు?
2. 18 ఆటల్లో 13 గెలిస్తే నూటికి ఎంత? లెక్క చేయండి.
3. సెలవుల్లో మీ తాతని, అవ్వని అడగండి: వాళ్ళు చిన్నప్పుడు ఆడిన ఆట ఏది? మీ భాషలో దాని పేరు ఏమిటి? రాసి తెస్తే వచ్చే నెల ఇక్కడే అతికిద్దాం.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని