పెండ్లి బట్టలు – మన ప్రాంతమునను, ఉత్తరాఫ్రికాయందును

విద్యార్థులారా! పెండ్లినాడు కట్టు బట్ట దేహమును కప్పుటకు మాత్రమే గాదు. వధూవరు లే దేశమువారో, ఏ యాచారము ననుసరించువారో, వారి పెద్దలు వారి కేమి మేలు కోరుచున్నారో, అది మాటలేకయే తెలుపును. అర్ధవీడు చుట్టుపట్ల హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు, లంబాడీలు ఇరుగుపొరుగుగా వసించుచున్నారు. కావున ఈ పాఠమునకై మనము దూరము పోనక్కఱలేదు.

తెలుగువారి పెండ్లి బట్టలలో ముందుగా చెప్పదగినవి మధుపర్కములు. మధుపర్క మనగా తేనె, పెరుగు మున్నగువాని కలయిక. పెండ్లికి వచ్చిన వరుని గౌరవించి దాని నిచ్చుట ప్రాచీనాచారము. ఆ సమయమున నిచ్చు బట్టలకును క్రమముగా ఆ పేరే వచ్చినది. ఇవి సాధారణముగా ఎఱ్ఱని అంచుగల తెల్లని నూలుబట్టలు. వాని అంచులకు పసుపు రాయుదురు. కొందఱు బట్టనంతయు పసుపునీట ముంచుదురు. వరుడు పంచెను గోచిపోసి కట్టి, పైని ఉత్తరీయము వేసికొనును. ఇరువురి నుదుటను బాసికములు కట్టుదురు. జీలకఱ్ఱ బెల్లము తలలపై నుంచు వఱకు వారి నడుమ తెర పట్టుదురు. ధర్మవరపు పట్టుచీర యెంత వెలగలదైనను, అనేక గృహములలో తాళి కట్టు వేళ వధువు ధరించునది ఈ నూలుచీరయే యని గమనింపుడు.

పసుపునే యేల వాడుదురు? అది శుభమని మన పెద్దల విశ్వాసము. దీనికి తోడు, నూలుబట్ట వేఱొక ద్రవ్యము సాయము లేకయే పసుపురంగును పట్టుకొనును. ఐనను ఆ రంగు ఎండకు త్వరగా వెలిసిపోవును. పసుపుబట్టను సబ్బునీట తడిపిన ఎఱ్ఱబారును. క్షారము తగిలినపుడు పసుపునందలి రంగు మాఱుటయే దీనికి కారణము. పసుపులో సున్నము కలిపి పారాణి చేయుటయందును ఈ ధర్మమే పనిచేయుచున్నది.

ముసల్మానుల వివాహములలో వరుని ముఖమునకు పూల సెహ్రా కట్టుదురు. వధువు చేతులకు గోరింట పెట్టుదురు. మెడలో నల్లపూసల లచ్ఛా వేయుదురు. లంబాడీ స్త్రీలు అద్దములు, గవ్వలు, నాణెములు కుట్టిన పేటియా, కాంచళి, టుక్రీ అను బట్టలను ధరింతురు. వీనిని వారు తమ చేతులతోనే కుట్టుకొనుట ప్రశంసింపదగినది.

క్రైస్తవ వధువులు తెల్లచీర కట్టి, తలపై మేలిముసుగు వేసికొందురు. ఇది వేదగ్రంథము విధించిన నియమమని కొందఱు తలంతురు గాని, అట్లు కాదు. పూర్వము ఐరోపాలో వధువులు తమకు గల మంచి బట్టను, అది ఏ రంగుదైనను, ధరించుచుండిరి. 1840 ఫిబ్రవరి 10వ తేదీన విక్టోరియా రాణి తెల్లని పట్టు గౌనుతో వివాహమాడిన పిమ్మట తెలుపు వాడుక వ్యాపించినది. మన సంఘములలో పెక్కుచోట్ల పుస్తె కట్టు ఆచారము నేటికిని నిలిచియున్నది.

ఇక ఉత్తరాఫ్రికాను చూతము. అల్జీరియా దేశమందలి త్లెంసెన్ పట్టణమున వధువు దుస్తును షెద్దా యందురు. బంగారు వన్నె పట్టుబట్ట, దానిపై జరీపని చేసిన మఖమలు కఫ్తాను, తలపై శంఖాకారపు టోపీ, వక్షమును కప్పు ముత్యాలపేటలు ఇందు ముఖ్యములు. ఆమె చేతులకును గోరింటయే పెట్టుదురు. ఈ దుస్తును తయారుచేయు శిల్పమును, దానికి సంబంధించిన ఆచారములను 2012 సం.లో యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను. మొరాకో దేశమున వధువును అమ్మారియా యను పల్లకిలో నూరేగింతురు. అచటి పురుషులు జెల్లాబా యను పొడుగు అంగీని, దానిపై కుల్లాయి గల బుర్నూసు అను చేతులులేని పైబట్టను ధరింతురు.

ఆ దేశములనుండి మనము నేర్వదగినవి రెండు గలవు. త్లెంసెన్‌లో వధువును అలంకరించువేళ చుట్టు చేరిన బంధుస్త్రీలు తమ తమ పెండ్లి దుస్తులనే మరల ధరించి వత్తురు. మొరాకోలో వధువును అలంకరించు నెగ్గాఫా యను స్త్రీ విలువైన దుస్తులను, నగలను అద్దెకిచ్చును. అనగా ఒకచోట వెలగల బట్ట పెట్టెలో మూలుగదు. మఱియొకచోట దానిని కొననే యక్కఱలేదు.

మనదో, వాన కురిసిననే పంట పండు మెట్టసీమ. ఒక తండ్రి పెండ్లిబట్టలకై 20,000 రూపాయలు, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చెననుకొందము. నెలకు వడ్డీ 400 రూపాయలు, ఏడాదికి 4,800, మూడేండ్లకు 14,400. అసలు అట్లే యుండును. చీర పెట్టెలోనుండగా వడ్డీ పొలములోని పంటను తినును. ఆ సొమ్ము పెండ్లికూతురి చెల్లెలి చదువునకు వినియోగింపవలసినది. చదువు మానినపిల్ల కా యేండ్లు మరల రావు. మధుపర్కములు తక్కువ వెలకు దొరకును, నేతగానికి పని కల్పించును, పెండ్లి పిమ్మటను కట్టుకొనుటకు పనికివచ్చును. మన పెద్దలు తాళి కట్టు వేళకు నూలుబట్టను నియమించుట యీ సీమకు ఎంతయు తగియున్నది.

అభ్యాసము
1. మీ యింటి పెద్దలు పెండ్లినాడు కట్టిన బట్టలేవి? అవి యిప్పు డెచ్చట నున్నవి? అడిగి వ్రాయుడు.
2. తెల్లని నూలుగుడ్డపీలికను పసుపునీట ముంచి ఆరబెట్టుడు. సగమును సబ్బునీట తడిపి, కలిగిన మార్పును వివరింపుడు.
3. పైని లెక్కలో వడ్డీ నూటికి నెలకు 3 రూపాయలైనచో మూడేండ్లకు ఎంత యగును?