పనిచేయుచున్న పాత త్రవ్వు యంత్రములు
(పంచాయతీ సభ్యులకు పాఠము)

చెరువులో పూడిక తీయవలెనన్నను, కాలువ గట్టు వేయవలెనన్నను, నేడు గ్రామమున మొదట వినవచ్చు మాట "జేసీబీని పిలిపింపుడు" అనునదే. గొలుసు పట్టాలపై నడచు పెద్ద యంత్రమును మనవారు "ప్రొక్లెయిన్" అందురు. నిజమునకు ఇవి యంత్రముల పేర్లు కావు, వానిని చేసిన సంస్థల పేర్లు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అను నాతడు 1945లో ఇంగ్లండున నెలకొల్పిన సంస్థకు ఆతని పేరులోని తొలి అక్షరములే జేసీబీ అను పేరైనవి. ఫ్రాన్సు దేశపు పోక్లెయిన్ సంస్థ పేరే మన నోట ప్రొక్లెయిన్ అయినది. ఈ యంత్రములకు తాత ముత్తాతలు కలవు. వానిలో కొన్ని నేటికిని పనిచేయు స్థితిలో నుండుట విశేషము. వాని కథలో పంచాయతీలకు పనికివచ్చు పాఠమొకటి గలదు. దానినే ఇచట వివరింతుము.

మనిషి పేరే యంత్రమునకు

ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. ఆ మహాకార్యమునకు పలుగు, పార, తట్ట, వేలాది కూలీల భుజబలము ఆధారములైనవి. అప్పటికే అమెరికాలో విలియం ఓటిస్ అను యువకుడు ఆవిరితో నడచు పారను నిర్మించి 1839లో దానికి పేటెంటు పొందియుండెను. అయినను కూలీలు చౌకగా దొరకినంత కాలము ఆ యంత్రము అంతగా వ్యాపింపలేదు.

ఇంగ్లండున కాలువలు, రైలు మార్గములు త్రవ్విన కూలీలను "నావీ"లనిరి. మన నాట మట్టి పనికిని, రాతి పనికిని వడ్డెరలు పేరుపొందినట్లే, ఆ దేశమున వారు పేరుపొందిరి. తరువాత వారి పని చేయ వచ్చిన యంత్రమునకు "స్టీమ్ నావీ" అను పేరు వచ్చినది. మనిషి పని యంత్రమునకు పోగా, మనిషి పేరు కూడ దానికే పోయినది. 1894లో తెరచిన మాంచెస్టర్ ఓడ కాలువ త్రవ్వకములో ఇట్టి యంత్రములు మిక్కుటముగా పనిచేసినవి. 1904 నుండి 1914 వరకు అమెరికా వారు నడిపిన పనామా కాలువ పనిలోను కొండలను తొలచినవి ఆవిరి పారలే.

పనిచేయు విధము

ఈ యంత్రమున బొగ్గుతో కాగు బాయిలరు ఉండును. అందు పుట్టిన ఆవిరి ఇంజనును త్రిప్పును. ఇంజను డ్రమ్మును త్రిప్పగా, దానికి చుట్టుకొను గొలుసు పండ్లు గల పెద్ద తొట్టిని మట్టిలోనుండి పైకి లాగును. తొట్టి నిండిన పిదప దూలమును ప్రక్కకు త్రిప్పి, బండిపైకి తెచ్చి, తొట్టి అడుగు తలుపు తెరచుదురు, మట్టి జారిపడును. డ్రైవరు ఒకడు, తొట్టిని ముందుకు నెట్టు చక్రము కడ నిలుచు వాడొకడు, బొగ్గు వేయు వాడొకడు, క్రింద పట్టాలు పరచు కూలీలు కొందరు ఉన్నగాని పని సాగదు. నేటి యంత్రమున చమురు ఒత్తిడి ఈ పనులన్నిటిని చేయుచుండగా ఒక్కడే కూర్చుండి నడుపుచున్నాడు.

నీట మునిగి తేలిన యంత్రము

ఇంగ్లండులోని లింకన్ నగరమున రస్టన్ ప్రాక్టర్ అను సంస్థ 1909లో ఒక స్టీమ్ నావీని నిర్మించినది. అది బెడ్‌ఫర్డ్‌షైరులోని ఆర్లెసీ గ్రామమున సుద్దరాతి గనిలో పనిచేసెను. పిదప గని మూతపడి నీటితో నిండిపోగా, యంత్రము అడుగుననే యుండిపోయెను. దశాబ్దములు గడచిన మీదట 1977లో దానిని వెలికితీసిరి. కొంతకాలము లింకన్ మ్యూజియములో నుండి, తరువాత అది ఉత్తర ఇంగ్లండులోని త్రెల్‌కెల్డ్ క్వారీ మ్యూజియమునకు చేరినది. అచట పాత త్రవ్వు యంత్రములపై మక్కువ గలవారు దానిని బాగుచేసి, మరల ఆవిరి ఎక్కించి నడిపిరి.

ఈ రస్టన్ పేరు మనకు క్రొత్తది కాదు. 1918లో హార్న్స్‌బీ సంస్థతో కలిసి రస్టన్ అండ్ హార్న్స్‌బీ అయిన ఆ సంస్థ చేసిన ఆయిల్ ఇంజనులు మన దేశమున ఎన్నియో మిల్లులను నడిపినవి, ఎన్నియో బావుల నీరు తోడినవి. దానికి సంబంధించినదే 1930లో ఏర్పడిన రస్టన్ బ్యుసైరస్. ఆ సంస్థ చేసిన ఉక్కు త్రాళ్ళ యంత్రములలో కొన్ని నేటికిని ఆసక్తిపరుల చేతులలో నడచుచున్నవి.

నిలిచిన దేనిచేత?

ఆ యంత్రములు దైవవశమున నిలువలేదు. వాని భాగములు కంటికి కనబడును. పండ్ల చక్రము అరిగినచో మరియొకటి పోతపోయవచ్చును. అంతకు మించి, నడుపువాడే చమురు పోసి, బిగింపులు చూచి, శబ్దములో తేడా వచ్చిన వెంటనే ఆపెడివాడు. ఆ నేర్పు పెద్దల చేతినుండి పిన్నల చేతికి అందినది.

అయినను పాతదంతయు బంగారమని మేము చెప్పము. పాత యంత్రము నెమ్మదిగా నడచును, ఇంధనము హెచ్చుగా తినును. పాత బాయిలరు మిక్కిలి ప్రమాదకరము. నీటి మట్టము తగ్గినచో, తుప్పుచే రేకు పలుచబడినచో అది ప్రేలును. కావుననే మన దేశమున బాయిలర్ల తనిఖీకి 1923లోనే చట్టము చేయబడినది. అర్హుడగు నిపుణుడు పరీక్షింపక ఏ పాత యంత్రమును నడుపరాదు.

పంచాయతీలు చేయదగినవి

పంచాయతీ ఆవరణలో మూలబడిన ఇంజనో, పంపో, రోడ్డు రోలరో ఉండవచ్చును. దానిని పాత ఇనుము క్రింద తూచి అమ్ముటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది బాగుపడునా? బాగుచేయు ఖర్చుకు తగిన పని ఇచ్చునా? పనికిరాకున్నను బడి పిల్లలకు చూపదగినదా? మూడింటికిని "కాదు" అను జవాబు వచ్చినప్పుడే నిబంధనల ప్రకారము తీర్మానము చేసి వేలము వేయవలెను.

ఇక వాడుకలోనున్న ప్రతి యంత్రమునకు ఒక పుస్తకము తెరచి, కొన్న తేదీ, నడచిన గంటలు, మార్చిన చమురు, వేసిన భాగములు వ్రాయుట మంచిది. ఎండకు వానకు తగులకుండ కప్పు వేయవలెను. అనుభవము గల పాత మెకానిక్కు గ్రామమున నున్నచో, ఇద్దరు యువకులను ఆయన కడ పని నేర్చుకొన పంపవలెను. ఆయనతోపాటు ఆ విద్య పోయినచో తిరిగి కొనుటకు దొరకదు.

1909 నాటి యంత్రమొకటి నీట మునిగియు మరల నడచినది. మన పంపు మూడేండ్లకే తుప్పు పట్టినది. తేడా ఇనుములో ఎంత, మన శ్రద్ధలో ఎంత అని ప్రతి సభ్యుడును ఆలోచింపవలెనని మా మనవి.