గర్భిణులకు, బాలింతలకు ఉన్న హక్కులు: తరచూ అడిగే ప్రశ్నలు

దేవరకొండ తండాల్లోనైనా, నారాయణపేట పల్లెల్లోనైనా తల్లులకు వచ్చే సందేహాలు దాదాపు ఇవే.

తల్లుల సమావేశానికి డబ్బు కట్టాలా?

ఒక్క రూపాయీ అక్కర్లేదు. అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే చాలు. నెలకోసారి జరిగే ఆరోగ్య, పోషణ దినం నాడు ఏఎన్‌ఎం బరువు, బీపీ, రక్తం చూసి ఐరన్ మాత్రలిస్తారు. తల్లులను కూర్చోబెట్టి చనుబాల గురించి మాట్లాడించడం ఆశా కార్యకర్త పని. 2016లో మొదలైన ‘మా’ కార్యక్రమం ఆ బాధ్యత ఆమెకిచ్చింది. రొమ్ములో పాలు గడ్డకట్టినా, పాలు చాలడం లేదనిపించినా అక్కడ సిగ్గుపడకండి. నిరుడు అదే బాధ పడ్డ తల్లి పక్కనే కూర్చుని ఉండవచ్చు.

అన్నం ఇంటికి తెచ్చుకోవచ్చా?

ఆరోగ్య లక్ష్మి భోజనం కేంద్రంలోనే తినాలన్నది నియమం. 2015 జనవరి 1న మొదలైన ఈ పథకంలో అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. ఆ గుడ్డును తినకుండా కొంగున కట్టుకునే తల్లులున్నారు. ఇంటి దగ్గర పెద్దపిల్ల ఎదురుచూస్తుంటుంది మరి. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ మూడేళ్లలోపు పిల్లకు బాలామృతం, ఆపై వయసు పిల్లకు కేంద్రంలో భోజనం వేరుగా ఉన్నాయి. ఈ గుడ్డు మాత్రం మీదే. గర్భిణిగా ఉన్నన్నాళ్లూ, కాన్పయ్యాక ఆరు నెలలూ ఉచిత భోజనం పొందే హక్కును 2013 నాటి ఆహార భద్రత చట్టం ఇచ్చింది. ఎవరి దయా కాదు.

తొలి కాన్పుకు తల్లిగారింటికి వెళితే? పని కోసం వలస పోతే?

పాలమూరు ఆడబిడ్డలు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇది. పోషణ్ ట్రాకర్‌లో పేరును కొత్త కేంద్రానికి మార్చుకోవచ్చు. బయలుదేరే ముందే అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి. తల్లీబిడ్డల కార్డు మూటలో అడుగున పెట్టకుండా చేతి సంచిలో ఉంచుకోండి. నొప్పులొచ్చిన వేళ డాక్టరు మొదట చూసేది దాన్నే.

సర్కారు దవాఖానలో డబ్బు అడిగితే?

ఇవ్వొద్దు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజుల వరకు భోజనం పెట్టాలి, ఇంటికి బండిలో చేర్చాలి. ‘మగపిల్లాడు పుట్టాడు, చేతిలో ఏమైనా పెట్టండి’ అనడం కూడా లంచమే. సూపరింటెండెంట్‌కు రాసివ్వండి.

కాన్పు గదిలోకి అమ్మ రావచ్చా?

రావచ్చు. సర్కారు దవాఖానల్లో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వడానికి 2016లో కేంద్రం అనుమతిచ్చింది. ఆమె కాన్పు అనుభవం ఉన్న మనిషై ఉండాలి, అంటురోగం ఉండకూడదు, వైద్యానికి అడ్డుపడకూడదు. ముందురోజుల్లోనే అడిగి పెట్టుకోండి.

బాలింత ఊరికే ఏడుస్తుంటే?

గాలి సోకిందనో, నటిస్తోందనో అనకండి. అది కాన్పు తర్వాత మనసుకొచ్చే జబ్బు కావచ్చు, నయమవుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. బిడ్డకో తనకో హాని చేస్తానని అంటే ఆ రోజే తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అత్తమ్మలకు ఒక మాట: వచ్చే సమావేశానికి కోడలిని పంపండి. వీలైతే మీరూ వెంట వెళ్లండి.