కాంతితంతువులో కుశలప్రశ్నలు

విద్యార్థులారా! 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. సరిహద్దు మారినను బంధుత్వములు మారలేదు. కౌల్ బజారులో నుండి గుంతకల్లులోని మేనమామతో మీరు ఫోనులో మాట్లాడునప్పుడు ఆ మాట ఏ దారిని పోవునో ఎన్నడైన ఆలోచించితిరా? దూరపు మాటలు నేడు చాలవరకు భూమిలో పాతిన గాజు తంతువులలో కాంతిరూపమున పోవుచున్నవి. రైలుమార్గముల వెంట ఇట్టి తంతువులను నడుపుటకై 2000వ సంవత్సరమున రైల్‌టెల్ సంస్థ ఏర్పడినది.

బళ్లారికిని గుంతకల్లునకును దూరము సుమారు 50 కిలోమీటర్లు. మంచి తంతువులో కాంతి కిలోమీటరునకు సుమారు 0.2 డెసిబెల్ తగ్గును. అనగా 50 కిలోమీటర్లకు పదవ వంతు, 100 కిలోమీటర్లకు నూరవ వంతు మాత్రమే మిగులును. అందుచే దూరమార్గములలో నడుమ నడుమ కాంతివర్ధకముల నుంచుదురు. ఇవి తరచు మనుష్యసంచారము లేని గదులలో నుండును. వాని క్షేమము తెలియుట యెట్లు?

మాటలను మోయు కాంతి సాధారణముగా 1530 నుండి 1565 నానోమీటర్ల తరంగములది. అదే తంతువులో 1510 నానోమీటర్ల వద్ద వేరొక చిన్న కాంతిని పంపుదురు. ఇదియే పర్యవేక్షణ మార్గము. ఇది వర్ధకము గుండ పోదు. ప్రతి మజిలీలోను దిగి మరల బయలుదేరును. కావున వర్ధకము చెడినను ఆ వార్త కేంద్రమునకు చేరును.

ఈ మార్గముపై పెక్కు యంత్రములు ఓ.ఎస్.పి.ఎఫ్. అను నియమమున సంభాషించుకొనును. ఇరుగుపొరుగు యంత్రములు సాధారణముగా 10 సెకండ్లకొకమారు ‘హలో’ అని పలుకరించుకొనును. 40 సెకండ్లు పలుకు వినబడనిచో పొరుగుయంత్రము అందుబాటులో లేదని తలచి తక్కినవానికి చాటును. అప్పుడు ప్రతి యంత్రమును తన పటమును దిద్దుకొని, డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన పద్ధతిని కొత్త దారి లెక్కించును. ఈ గడువులు ఇరువురికిని ఒకటే కావలెను. ఒకటి 10 అనియు మరొకటి 30 అనియు పెట్టుకొన్నచో, తంతువు బాగుగనే యున్నను వాని మధ్య చెలిమి కుదరదు.

గునపపు దెబ్బకు తంతువే తెగినచో మాటయు, కుశలప్రశ్నయు ఒక్కసారిగా ఆగును. అందులకే తంతువులను వలయముగా కట్టుదురు. ఒక ప్రక్క తెగినను రెండవ ప్రక్క నుండి వార్త వచ్చును. ఏ రెండు మజిలీల నడుమ తెగినదో తెలియును. రెండు దారులును ఒకే కందకమున పరచినచో ఆ వలయము పేరునకే వలయము. అర్ధరాత్రమున 108కు ఫోను చేయు తల్లికి ఈ భేదము ప్రాణముతో సమానము.

తల్లిదండ్రులకు మా మనవి: ఇట్టి శాస్త్రము తెలుగున అందదని పిల్లలను నిరుత్సాహపరుపకుడు. ఇంటిభాషలో అర్థమైనది ఏ భాషలోనైనను చెప్పవచ్చును.

అభ్యాసము
1. వర్ధకము లేక 150 కిలోమీటర్లు పోయిన కాంతిలో ఎన్నవ వంతు మిగులును?
2. పర్యవేక్షణ కాంతి వర్ధకము గుండ పోకుండుట వలన లాభమేమి?
3. 40 సెకండ్లలో ఎన్ని పలుకరింపులు తప్పును?