పన్నెండు అంకెలు

పిల్లలూ! మీ పేరు మీకు తెలుసు. మీ ఊరి పేరు తెలుసు. మీ పేరుతోపాటు మీకొక సంఖ్య కూడా ఉంది. దానిలో పన్నెండు అంకెలు ఉంటాయి. అది మీ గుర్తింపు కార్డు మీద అచ్చువేసి ఉంటుంది. ఆ సంఖ్యను ఎవరికి చెప్పాలి? ఎవరికి చెప్పకూడదు? ఈ సంగతిని గురించి పెద్దలలో కూడా ఒక్కొక్కరిది ఒక్కొక్క అభిప్రాయం. ఈ పాఠంలో వాటిని తెలుసుకుందాం.

పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ అనే ప్రాంతం ఉంది. అక్కడి కొబ్బరి తోటలలో తెలుగువారు ఎంతో కాలం పనిచేశారు. వారి కుటుంబాలు నేటికీ అక్కడ ఉన్నాయి. అలాంటి ఊళ్లో ఒక తెలుగు తరగతిని ఊహించుకోండి.

ఒక శనివారం ఉదయం. టీచరుగారు తరగతిలోకి వస్తూనే పిల్లలకు తలా ఒక కాగితం పంచిపెట్టారు.

"వచ్చే నెల మనం కౌలాలంపూరుకు విహారయాత్ర వెళుతున్నాం. ఈ ఫారం ఇంట్లో చూపించి, నింపించుకొని రండి" అన్నారు.

ఫారంలో చాలా గీతలు ఉన్నాయి. విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, వారి గుర్తింపు సంఖ్యలు, ఇంటి చిరునామా, ఫోను నంబరు, తండ్రి చేసే ఉద్యోగం, నెల జీతం. పిల్లలు ఆ కాగితాలను మడిచి సంచులలో పెట్టుకున్నారు.

తరువాత టీచరుగారు నల్లబల్ల మీద ఇలా రాశారు: 120314-08.

"ఇది ఒక గుర్తింపు సంఖ్యలో మొదటి ఎనిమిది అంకెలు. ఈ పిల్లవాడు ఎప్పుడు పుట్టాడో చెప్పగలరా?"

ఒక అబ్బాయి లేచి, "2012వ సంవత్సరం మార్చి 14న పుట్టాడండి" అన్నాడు.

"సరిగ్గా చెప్పావు. మొదటి రెండు అంకెలు సంవత్సరం. తరువాతి రెండు నెల. ఆ తరువాతి రెండు తేదీ. 08 అంటే పేరాక్ రాష్ట్రం. జొహోర్‌కు 01, సెలంగోర్‌కు 10, కౌలాలంపూరుకు 14. చివరి నాలుగు అంకెలు నేను రాయలేదు. వాటిలో కడపటి అంకె బేసి సంఖ్య అయితే పురుషుడు, సరి సంఖ్య అయితే స్త్రీ. చూశారా! ఈ సంఖ్య చెబితే చాలు, మీ పుట్టినరోజూ పుట్టిన చోటూ విన్నవారికి తెలిసిపోతాయి. ఇంటి తాళంచెవి పోతే తాళం మార్చుకోవచ్చు. ఫోను నంబరు కూడా మార్చుకోవచ్చు. ఈ సంఖ్యను మాత్రం అలా మార్చుకోలేము. జీవితమంతా అదే ఉంటుంది."

"ఈ కార్డులు ఎప్పటినుంచి ఉన్నాయండీ?" అని ఒక అమ్మాయి అడిగింది.

"1948లో మలయాలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అడవులలో ఉండి పోరాడే కమ్యూనిస్టు గెరిల్లాలు ఎవరో, మామూలు ప్రజలు ఎవరో పోల్చుకోవడానికి ఆనాటి ప్రభుత్వం గుర్తింపు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది. గెరిల్లాలు కొన్నిచోట్ల ప్రజల దగ్గరనుంచి ఆ కార్డులు లాక్కొని పాడుచేసేవారు. తరువాత కార్డు రూపం చాలాసార్లు మారింది. 2001లో చిప్పు అమర్చిన మైకాడ్ వచ్చింది. పన్నెండేళ్లు నిండగానే దానిని తీసుకోవాలి. అంతకన్నా చిన్న పిల్లలకు 2003 నుంచి మైకిడ్ ఇస్తున్నారు" అని టీచరుగారు వివరించారు.

ఆ తరువాత ఆమె ఇలా అన్నారు: "పోయిన వారం మీకొక పని చెప్పాను. మన వివరాలు ఇతరులకు చెప్పవచ్చునా, చెప్పకూడదా అని ఇంట్లో పెద్దలను అడిగి రమ్మన్నాను. ఎవరేమన్నారో చెప్పండి."

మొదటి అబ్బాయి: మా తాతయ్య నవ్వారండి. "మేము తోటలో లైను ఇళ్లలో ఉండేవాళ్లం. ఒక ఇంట్లో పులుసు కాగితే పది ఇళ్లకు వాసన వచ్చేది. ఎవరి జీతమెంతో, ఎవరికి అప్పెంతో అందరికీ తెలుసు. దాచడానికి మన దగ్గర ఏముంది?" అన్నారు.

రెండవ అమ్మాయి: మా అమ్మ దుకాణంలో ఫోనుతోనే డబ్బు కడుతుందండి. "చిల్లర వెతుక్కోనక్కరలేదు. నేను ఏం కొన్నానో ఎవరికో తెలిస్తే తెలియనీ. నాకు తీరిక ముఖ్యం" అంది.

మూడవ అబ్బాయి: మా మామయ్యకు కిరాణా కొట్టు ఉందండి. "నాకు కూడా వాడుక ఖాతాదారుల ఫోను నంబర్లు కావాలి. ఎవరేం కొంటారో తెలిస్తే సరుకు తెప్పించడం తేలిక. తెలుసుకోవడం తప్పు కాదు, ఇంకొకరికి అమ్ముకోవడం తప్పు" అన్నారు.

నాలుగవ అమ్మాయి: మా అమ్మమ్మకు ఆ కార్డంటే ఎంతో ఇష్టమండి. 2025 ఆగస్టు 31 నుంచి పెద్దవాళ్లందరికీ ప్రభుత్వం నూరు రింగిట్ల సహాయం ఇచ్చింది కదా! అమ్మమ్మ దుకాణంలో మైకాడ్ చూపించి బియ్యం, నూనె తెచ్చుకుంది. "ఎవరి కాళ్లూ పట్టుకోలేదు, వరుసలో నిలబడలేదు" అని అందరికీ చెబుతుంది. ఆ తరువాతి నెలలో తగ్గింపు ధర పెట్రోలుకు కూడా నాన్న అదే కార్డు వాడారు.

టీచరుగారు తల ఊపారు. "అందరూ బాగా చెప్పారు. ఇంకా ఎవరైనా ఉన్నారా?"

వెనుక వరుసలో ఒక అమ్మాయి మెల్లగా లేచింది.

"మా నాన్నమ్మకు ఒకరోజు ఫోను వచ్చిందండి. ఫోను చేసినవాడు తాను కోర్టునుంచి మాట్లాడుతున్నానన్నాడు. నాన్నమ్మ పూర్తి పేరు చెప్పాడు. పన్నెండు అంకెలూ తప్పు లేకుండా చెప్పాడు. మా ఇంటి చిరునామా కూడా చెప్పాడు. 'మీ పేరుమీద కేసు ఉంది. ఎవరికీ చెప్పవద్దు. డబ్బు ఈ ఖాతాకు పంపితే కేసు పోతుంది' అన్నాడు. ఇన్ని సంగతులు తెలిసినవాడు సర్కారు మనిషే అయివుంటాడని నాన్నమ్మ నమ్మింది. దాచుకున్న మూడు వేల రింగిట్లు పంపేసింది. సాయంత్రం అమ్మకు తెలిసింది. అమ్మ వెంటనే 997కు ఫోను చేసింది. బ్యాంకువారు కొంత డబ్బు ఆపగలిగారు. మిగిలింది పోయింది. ఇప్పుడు ఫోను మోగితే నాన్నమ్మ ఎత్తదు. మా అత్తయ్య ఫోను చేసినా ఎత్తదు."

తరగతి నిశ్శబ్దంగా ఉండిపోయింది. టీచరుగారు ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లి భుజం మీద చెయ్యి వేశారు.

"మీ నాన్నమ్మ తప్పేమీ లేదమ్మా. మోసం చేసినవాడిదే తప్పు. మీ అమ్మగారు ఆలస్యం చేయకుండా మంచి పని చేశారు. ఇలాంటి మోసాల కోసమే 2022లో ఆ 997 నంబరు పెట్టారు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలు. పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి: మన సంగతులు తెలిసినంతమాత్రాన ఎవరూ అధికారి అయిపోరు."

మొదటి అబ్బాయి ఆలోచించి, "మరి మా తాతయ్య చెప్పింది తప్పా అండీ?" అని అడిగాడు.

"తప్పు కాదు బాబూ. తోటలో మీ తాతయ్య సంగతి తెలిసినవారి సంగతి మీ తాతయ్యకు కూడా తెలుసు. ఒకరు మోసం చేస్తే మరునాడు ముఖం చూపించాలి. ఫోను చేసిన ఈ మనిషికి నాన్నమ్మ సంగతులన్నీ తెలుసు. నాన్నమ్మకు అతని ముఖం కూడా తెలియదు. తేడా అక్కడ ఉంది."

"అతనికి ఆ వివరాలన్నీ ఎలా దొరికాయండీ?"

"అది మనం చెప్పలేము. కాని వివరాలు ఒకచోట కుప్పపోస్తే ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. 4 కోట్ల 62 లక్షల మొబైల్ నంబర్ల వివరాలు బయటి వ్యక్తుల చేతిలో పడ్డాయని 2017 అక్టోబరులో బయటపడింది. అప్పటి మన జనాభా సుమారు 3 కోట్ల 20 లక్షలు. ఒకరికి రెండు మూడు నంబర్లు ఉంటాయి కనుక జనాభాకన్నా ఎక్కువ వచ్చాయి. వాటిలో పేర్లు, చిరునామాలు, గుర్తింపు సంఖ్యలు కూడా ఉన్నాయి. అవి అంతకు మూడేళ్ల క్రితంనాటి వివరాలు. చిరునామా పాతబడుతుంది. పన్నెండు అంకెలు పాతబడవు."

"దీనికి చట్టం లేదా అండీ?" అని కొట్టు మామయ్యగారి మేనల్లుడు అడిగాడు.

"ఉంది. వ్యక్తిగత వివరాల రక్షణ చట్టాన్ని మన పార్లమెంటు 2010లో చేసింది. అది 2013 నవంబరు 15న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం వ్యాపారం చేసేవారు మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో మనకు చెప్పాలి. ఒక పనికి తీసుకున్నవి మరొక పనికి వాడకూడదు. భద్రంగా ఉంచాలి. పని అయిపోయిన తరువాత ఉంచుకోకూడదు. తమ దగ్గర ఉన్న మన వివరాలు చూపమనీ, తప్పులుంటే దిద్దమనీ అడిగే హక్కు మనకు ఉంది. 2024లో ఈ చట్టాన్ని సవరించారు. అంతకుముందు జరిమానా మూడు లక్షల రింగిట్ల వరకు ఉండేది. దానిని పది లక్షల వరకు పెంచారు. వివరాలు బయటికి పొక్కితే ఆ సంగతి దాచకుండా తెలియజేయాలని కూడా చెప్పారు."

"ప్రభుత్వ కార్యాలయాలకు కూడా ఈ చట్టం వర్తిస్తుందా అండీ?"

"మంచి ప్రశ్న. ఈ చట్టం కేంద్ర ప్రభుత్వానికి గాని, రాష్ట్ర ప్రభుత్వాలకు గాని వర్తించదు. దీనిమీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మీరే చెప్పండి, చూద్దాం."

నాలుగవ అమ్మాయి, "ప్రభుత్వానికి మన వివరాలు తెలియకపోతే అమ్మమ్మకు సహాయం ఎలా అందుతుంది? జబ్బులు వచ్చినప్పుడు ఎవరికి మందు కావాలో ఎలా తెలుస్తుంది?" అంది.

మొదటి అబ్బాయి, "అందరికన్నా ఎక్కువ వివరాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి కదండీ! పెద్ద గిడ్డంగికే పెద్ద తాళం కావాలి" అన్నాడు.

టీచరుగారు మెచ్చుకున్నారు. "ఇద్దరి మాటల్లోనూ న్యాయముంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మైసెజహ్‌తెరా అనే యాప్ తెచ్చారు. ఏ దుకాణానికి వెళ్లినా గుమ్మంలో దానితో నమోదు చేసుకున్నాం. జబ్బు వచ్చినవారు ఎక్కడ తిరిగారో తెలుసుకోవడానికి అది ఉపయోగపడింది. 2022లో ఆ యాప్ ఎవరిది, అందులోని వివరాలు ఎవరి అధీనంలో ఉన్నాయి అని పార్లమెంటులోని ప్రజాపద్దుల సంఘం ప్రశ్నించింది. యాప్ మంచిదే. ప్రశ్న కూడా మంచిదే.

"మన పూర్వీకుల దేశమైన భారతదేశంలో కూడా ఈ చర్చ జరిగింది. అక్కడి ఆధార్ సంఖ్యకు కూడా పన్నెండు అంకెలే. 2012లో పుట్టస్వామిగారనే విశ్రాంత న్యాయమూర్తి, 86 ఏళ్ల వయసులో, దానిని ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. తన సొంత సంగతులను తన దగ్గర ఉంచుకోవడం ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అన్నారు. ఆధార్ నేటికీ ఉంది. దానిని దేనికి అడగవచ్చునో, దేనికి అడగకూడదో 2018లో కోర్టు హద్దులు గీసింది."

తరువాత ఆమె నల్లబల్ల మీద మూడు ప్రశ్నలు రాశారు.

ఎవరు అడుగుతున్నారు?
ఎందుకు అడుగుతున్నారు?
పని అయ్యాక దానిని ఏం చేస్తారు?

"ఎవరు మీ వివరాలు అడిగినా ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆసుపత్రిలో అడిగితే కారణం తెలుస్తూనే ఉంది, చెప్పాలి. దుకాణంలో బహుమతి చీటీ నింపమంటే, బహుమతికీ పన్నెండు అంకెలకూ ఏమి సంబంధమో అడగాలి. అడగడం అమర్యాద కాదు. మర్యాదగా అడగడం నేర్చుకుంటే చాలు."

గంట మోగబోతోంది. నాన్నమ్మ కథ చెప్పిన అమ్మాయి తన సంచిలోనుంచి ఉదయం ఇచ్చిన కాగితం తీసింది. కొంచెం తటపటాయించి లేచి నిలబడింది.

"టీచరుగారూ, విహారయాత్రకు నాన్నగారి జీతం ఎందుకండీ?"

కొందరు పిల్లలు నవ్వబోయి ఆగిపోయారు. టీచరుగారు ఆ ఫారం చేతిలోకి తీసుకొని మొదటినుంచి చివరిదాకా చదివారు.

"ఇది పాత ఫారం. ఏళ్ల తరబడి ఇదే వాడుతున్నాం. ఎందుకని నేను కూడా ఎన్నడూ అడగలేదు" అన్నారు.

ఆమె ఎర్ర కలం తీశారు. జీతం అన్న గీత కొట్టేశారు. ఉద్యోగం కొట్టేశారు. గుర్తింపు సంఖ్యలు కొట్టేశారు. చివరికి పిల్లల పేరు, ఇంట్లో పెద్దవారి ఫోను నంబరు, సంతకం మిగిలాయి.

"దారిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఇంటికి ఫోను చేయాలి. దానికి ఇవి చాలు. యాత్రనుంచి తిరిగి వచ్చాక ఈ కాగితాలు మీకే ఇచ్చేస్తాను. మీ చేతులతో మీరే చింపండి."

గంట మోగింది. పిల్లలు తమ కాగితాల మీద కూడా గీతలు కొట్టేసుకొని ఇళ్లకు బయలుదేరారు.

అభ్యాసము

అ. కొత్త పదాలు – అర్థాలు
బేసి సంఖ్య = రెండుతో నిశ్శేషంగా భాగించడానికి వీలుకాని సంఖ్య
గిడ్డంగి = సరుకులు నిలవచేసే చోటు
జరిమానా = తప్పుకు విధించే సొమ్ము, అపరాధ రుసుము
ఏకగ్రీవంగా = అందరూ ఒకే మాటగా
తటపటాయించు = సందేహించు, వెనుకాడు

ఆ. ప్రశ్నలు
1. గుర్తింపు సంఖ్యలోని మొదటి ఎనిమిది అంకెలు ఏమి తెలుపుతాయి?
2. తాతయ్య అభిప్రాయానికి టీచరుగారు ఏమని సమాధానం చెప్పారు?
3. నాన్నమ్మ ఫోను చేసినవానిని ఎందుకు నమ్మింది?
4. "పెద్ద గిడ్డంగికే పెద్ద తాళం కావాలి." ఈ మాట ఎవరు, ఏ సందర్భంలో అన్నారు? మీరు ఒప్పుకుంటారా? ఎందుకు?

ఇ. చేయవలసిన పని
మీ ఇంటికి వచ్చిన ఏదైనా ఒక ఖాళీ ఫారం తీసుకోండి. దానిలో అడిగిన ప్రతి వివరం ఎందుకు కావాలో పెద్దలతో మాట్లాడి రాయండి. కారణం దొరకని వాటికింద గీత గీయండి.