దారిలో బండి ఆగితే: పాలు మోసే మోటారు సైకిలుకు మరమ్మతు సంచి

(సంఘ సభ్యులకు, పాలు చేరవేసే వారికి పాఠం)

హైదరాబాదు పాతబస్తీలో బజారు పొద్దెక్కిన తరువాత తెరుచుకొని రాత్రి బాగా పొద్దుపోయే వరకు సాగుతుంది. కాని అక్కడి చాయ్ హోటళ్ళకు పాలు కావలసింది తెల్లవారక ముందే. రంజాను నెలలో సహరీ వేళకు ఇంకా ముందే కావాలి. దక్షిణపు గ్రామాల నుంచి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, శాలిబండ మీదుగా క్యాన్లతో వచ్చే మోటారు సైకిలు ఆ వేళ ఆగిపోతే, చుట్టూ ఎన్ని మెకానిక్ దుకాణాలున్నా షట్టర్లు మూసే ఉంటాయి. దుకాణం తెరిచేవరకు మనిషి ఆగగలడు, పాలు ఆగవు.

పితికిన తరువాత కొద్దిసేపు పాలకు సహజమైన నిరోధక శక్తి ఉంటుంది. అది తీరిన పిమ్మట సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వెచ్చని పాలలో అరగంటకొకసారి రెట్టింపయ్యాయనుకుంటే, రెండు గంటలలో 16 రెట్లు, మూడు గంటలలో 64 రెట్లు అవుతాయి. వేసవిలో ఒక గంట ఆలస్యానికి ఎంత నష్టమో దీనినిబట్టి గ్రహించగలరు. కనుక మరమ్మతు సంచి బండి కోసం కాదు, పాల కోసం అని ముందుగా తెలుసుకొనవలెను.

బండి ఎందుకు ఆగుతుంది?

ముందు బరువు లెక్క చూడండి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. రెండు క్యాన్లకు 82, నడిపే మనిషి 60, మొత్తం 142 కిలోలు. ఇందులో క్యాన్ల బరువు, కొక్కేల బరువు కలపలేదు. చాలా వంద సి.సి. బండ్లు మనిషితో సహా మోయదగిన బరువు 130 కిలోల దరిదాపు. అంటే బయలుదేరకముందే హద్దు దాటాము. ఈ బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రం మీద పడుతుంది. అందుచేత వెనుక చక్రం పంక్చరు, గొలుసు తెగడం మొదట వచ్చే జబ్బులు. తరువాతివి క్లచ్, బ్రేకు కేబుళ్ళు తెగడం. వానాకాలంలో ప్లగ్గు తడవడం. ఆపైన ఫ్యూజు, బల్బు. ఇంజను లోపలి జబ్బులు దారిలో బాగయ్యేవి కావు, వాటికి సామాను మోయడం వృథా.

సంచిలో ఉండవలసినవి

1. పంక్చరు సామాను: టైరు లీవర్లు రెండు, గరుకు కాగితం, సొల్యూషను, ప్యాచీలు, చేతి పంపు, వెనుక చక్రానికి సరిపోయే కొత్త ట్యూబు ఒకటి. ట్యూబు లేని టైరయితే, రంధ్రం సాపుచేసే సూది, రబ్బరు తాళ్ళు.

2. పానాలు: మీ బండి నట్లకు సరిపోయేవి మాత్రమే. వెనుక ఇరుసు నట్టుకు సరిపోయే పెద్ద పానా తప్పనిసరి. ప్లగ్గు పానా కొలత బండినిబట్టి మారుతుంది. వంద సి.సి. బండ్లలో చాలావాటికి 16 మి.మీ., పాత బుల్లెట్టుకు 21 మి.మీ.

3. పేచ్‌కస్ రెండు రకాలు, పక్కడ్ ఒకటి.

4. కొత్త ప్లగ్గు ఒకటి, ఫ్యూజులు రెండు.

5. గొలుసు లాకులు రెండు, మీ గొలుసు సైజువి.

6. క్లచ్ కేబులు, యాక్సిలరేటరు కేబులు ఒక్కొక్కటి. స్క్రూతో బిగించే నిపుల్ ఒకటి ఉంటే తెగిన కేబులును అప్పటికి లాగించవచ్చు.

7. బైండింగు తీగ రెండు గజాలు, ఇన్సులేషను టేపు, పాత ట్యూబు పట్టీలు, పెట్రోలు పైపు ఒక అడుగు.

8. నుదుటికి కట్టుకొనే టార్చి. చేతి టార్చి పట్టుకొంటే పనికి ఒక చేయి తగ్గుతుంది.

9. చేతులు తుడుచుకొనే గుడ్డ, సబ్బు ముక్క.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు. వాటి పెట్రోలు సరఫరాను దారిలో విప్పరాదు. బ్యాటరీ తీగలు వదులయ్యాయా, ఫ్యూజు పోయిందా అని మాత్రమే చూడవలెను.

కొనేటప్పుడు

పానాలు మొదలైన హార్డువేరుకు అఫ్జల్‌గంజ్, బండి విడిభాగాలకు పుత్లీబౌలి వైపు వెళ్ళవచ్చు. బండిని దుకాణం ముందు నిలిపి, పానాను నట్టుకు తొడిగి చూసిన తరువాతనే డబ్బివ్వండి. వదులు పానా నట్టు మూలలు కొరికేస్తుంది, ఆపైన ఏ పానాకూ అది లొంగదు. పేరులోనే గురువారం ఉన్న జుమ్మెరాత్ బజారు వంటి సంతలలో పాత పానాలు చవకగా దొరుకుతాయి. నోరు వెడల్పయినవి, పగులున్నవి వద్దు. ప్యాచీలు, సొల్యూషను, కేబుళ్ళు మాత్రం పాతవి కొనరాదు.

వెనుక చక్రం పంక్చరు: చేయవలసిన వరుస

మొదట క్యాన్లు దింపి, మూతలు బిగించి, గోడ నీడన ఉంచండి. బరువుతో ఉన్న బండిని సెంటరు స్టాండు ఎక్కించరాదు. పంక్చరు చోటు తెలిస్తే చక్రం ఊడదీయనక్కరలేదు. టైరు ఒక అంచు మాత్రమే లేపి ట్యూబును బయటికి లాగి ప్యాచీ వేయవచ్చు. రుద్దిన చోట సొల్యూషను పూసి, తడి ఆరిన తరువాతనే ప్యాచీ అంటించాలి. తొందరపడి తడిమీద వేసినది రెండు మైళ్ళు కూడా నిలవదు. టైరు లోపల వేళ్ళతో నెమ్మదిగా తడిమి ముల్లో మేకో ఉందేమో చూడండి. అది తీయకుండా గాలి కొడితే మళ్ళీ అదే కథ. వాన పడుతుంటే ప్యాచీ జోలికి పోక, చక్రం విప్పి కొత్త ట్యూబే వేయడం మేలు.

గొలుసు తెగితే లాకు వేసేటప్పుడు, క్లిప్పు మూసి ఉన్న కొన గొలుసు సాగే దిక్కుకు ఉండవలెను. తిరగేసి వేస్తే దారిలో ఊడిపోతుంది.

అరగంట నియమం

బండి ఆగిన వేళ గడియారం చూసుకోండి. అరగంటలో బాగుచేయలేమని తెలిసిన వెంటనే పనిముట్లు పక్కన పెట్టి, ఆటోలోనో మరొక సభ్యుని బండి మీదనో పాలు పంపించవలెను. బండిని తరువాత చూసుకోవచ్చు. పొద్దెక్కితే క్యాను చుట్టూ తడి గోనె కప్పండి. పాలలో మంచు గడ్డ వేయరాదు, అది నీళ్ళు కలపడమే. పులుపు కనిపించకుండా సోడా వేయడం కల్తీ. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద అది నేరం. ఆలస్యమైన క్యానును మిగతా పాలతో కలపక, ముందు వాసన చూసి, తరువాత కొద్ది పాలు కాచి పరీక్షించవలెను. విరిగితే ఆ ఒక్క క్యానుతో నష్టం ఆగుతుంది. పరీక్షించక కలిపితే సభ్యులందరి పాలూ పోతాయి.

గ్రీజు చేతితో క్యాను మూత తాకరాదు. చేతులు తుడుచుకొన్న గుడ్డతో మూత తుడవరాదు. సంచి క్యాన్లకు తగలకుండా సీటు కిందనో ముందు వైపునో కట్టుకోవాలి. పాలు పెట్రోలు వాసన పట్టితే కాచినా పోదు.

సంఘం చేయవలసినది

సంఘాల తనిఖీలో పనిముట్లు కొన్న వోచరు కనిపించి, పనిముట్లు కనిపించకపోవడం తరచు చూస్తుంటాను. దొంగతనం అని కాదు. ఒకరు తీసుకొని ఇంకొకరికి ఇచ్చి, అక్కడే మరచిపోతారు. సంచి సంఘపు డబ్బుతో కొన్నదైతే పాలకవర్గ తీర్మానం ఉండాలి. పానా, పంపు, లీవర్లు డెడ్ స్టాకు రిజిస్టరులోను, ప్యాచీలు, కేబుళ్ళు స్టాకు రిజిస్టరులోను రాయాలి. సంచిలో ఒక జాబితా చీటీ ఉంచి, నెలకొకసారి కార్యదర్శి ముందు విప్పి లెక్క చూడాలి. వాడిన ప్యాచీని, ట్యూబును ఆ రోజే తిరిగి నింపాలి. సొల్యూషను గొట్టం ఒకసారి తెరిస్తే వాడకపోయినా ఎండిపోతుందని గుర్తుంచుకోండి.

అన్నిటికంటె ముఖ్యమైనది అభ్యాసం. సంచి విప్పడం మొదటిసారి చీకటిలో, రోడ్డు పక్కన జరగరాదు. ఒక ఆదివారం సంఘం ముంగిట పాలు మోసే వారందరూ చేరి, వెనుక ట్యూబు తీసి వేయడం ఒక్కొక్కరు చేసి చూడండి. ఎవరికి ఎంతసేపు పట్టిందో రాసిపెట్టండి. అరగంట దాటిన వారు మళ్ళీ చేయాలి.

సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మన బండ్ల మీద నిజంగా ఎంత బరువు వెళుతున్నది? ఒక క్యాను తగ్గించి రెండు సార్లు తిరిగితే ఖర్చెంత, నష్టం తగ్గేదెంత?

2. మన దారిలో బండి ఆగితే పాలు అందుకొనగల సభ్యులెవరు? వారి ఫోను నంబర్లు సంచిలో ఉన్నవా?

3. గత సంవత్సరం బండి ఆగి విరిగిన పాల విలువ ఎంత? అది సంచి ఖరీదుకు ఎన్ని రెట్లు?