గీత మీద నిలబడే కుర్రవాడు ఎలా తయారవుతాడు?

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే గుండ్రటి బంతి గుర్తుకు వస్తుంది. అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట వేరు. బంతి కోలగా, రెండు కొనలూ మొనదేలి ఉంటుంది. ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. వంద గజాల మైదానం, జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, పోకపోతే బంతి ఎదుటివాళ్లది.

ప్రతి ప్రయత్నానికీ ముందు రెండు జట్లూ బంతికి అటూ ఇటూ ఎదురెదురుగా నిలబడతాయి. బంతి ఉన్న జట్టు నుంచి ఐదుగురు భారీ మనుషులు గోడలాగా అడ్డం ఉంటారు. ఆ గోడను బద్దలు కొట్టడానికి ఇటువైపు ముగ్గురో నలుగురో వంగి, ఒక చెయ్యి నేలకు ఆనించి సిద్ధంగా ఉంటారు. వీళ్లే డిఫెన్సివ్ లైన్‌మన్‌లు. కాలేజీ స్థాయిలో మధ్యలో నిలబడే లైన్‌మన్ బరువు సుమారు 130 కిలోలు, అంతకు పైన కూడా ఉంటుంది.

మన హాస్టళ్లలో ఎవరూ ఆడని ఆట గురించి వార్షికోత్సవ సంచికలో ఎందుకని తమ్ముళ్లు అడగవచ్చు. మేము వ్యాయామ విద్యలో పీజీ చదువుతూ రకరకాల ఆటల శిక్షణ పద్ధతులు పరిశీలించాం. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు పూర్తి ఆటగాడు కావడానికి ఎంత కాలం పడుతుంది, ఆ కాలాన్ని ఎవరు భరించాలి అన్న ప్రశ్నకు ఈ ఒక్క స్థానం ఇచ్చినంత సూటి జవాబు మాకు మరో ఆటలో కనిపించలేదు. పరుగెత్తేవాడు, బంతి పట్టేవాడు మొదటి ఏడాదే మెరవవచ్చు. గీత మీద నిలబడేవాడు అలా మెరవడం చాలా అరుదు.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. కబడ్డీ ఆడే తమ్ముళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. కార్నర్‌లో ఉన్నవాడు నిటారుగా నిలబడితే రైడర్ కాలు అందదు, వంగి ఉండాలి. ఇక్కడా అంతే. ఇద్దరు బరువైన మనుషులు ఢీకొన్నప్పుడు ఎవరి భుజం కింద ఉందో వాడిదే పైచేయి. పైకి లేచినవాడిని తోసెయ్యడం తేలిక. స్కూలు స్థాయిలో మాత్రం ఈ కుర్రవాళ్లు తోటివాళ్లకన్నా బాగా పెద్దవాళ్లు. లేచి నిలబడి తోసినా ఎదుటివాడు పడిపోయేవాడు. అదే అలవాటుతో కాలేజీకి వస్తారు. అక్కడ ఎదురుగా ఇరవై రెండేళ్ల మనిషి ఉంటాడు. మొదటి వారంలోనే వెల్లకిలా పడతారు.

అందుకని కోచ్‌లు ఎత్తు తక్కువగా ఉండే ఇనుప పందిరి ఒకటి పెడతారు. దాని కింద వంగి నిలబడి, వంగే ముందుకు దూకాలి. లేస్తే తల పందిరికి తగులుతుంది. తలకు హెల్మెట్ ఉంటుంది కాబట్టి దెబ్బ తగలదు, చప్పుడు మాత్రం అందరికీ వినబడుతుంది. దిండ్లు కట్టిన బరువైన ఇనుప బండిని తోయించడం మరో అభ్యాసం. ఇందులో బండి ఎంత దూరం కదిలిందన్నదాని కంటే చేతులు ఎక్కడ పడ్డాయన్నది ముఖ్యం. రెండు చేతులూ ఎదుటివాడి చేతుల మధ్యగా వెళ్లి ఛాతీ మీద పడాలి. బయట పడితే పట్టు ఎదుటివాడిది అవుతుంది. ఇక అంచున నిలబడేవాళ్ల కోసం నేల మీద పెద్ద వలయాలు పరుస్తారు. వాటి చుట్టూ పక్కకు వాలిపోతూ పరుగెత్తాలి. అంత బరువున్న మనిషి వేగం తగ్గకుండా మలుపు తిరగడం చూడటానికి తేలికే. చీలమండ, తుంటి కీళ్లు దానికి అలవాటు పడాలంటే నెలలు కావాలి.

చూపు సంగతి మరీ చిత్రమైనది. కబడ్డీలో మన చెవి కూత మీద ఉంటుంది. ఇక్కడ చెవిని నమ్మకూడదు. ఎదుటి జట్టు నాయకుడు గొంతు మార్చి మార్చి అరుస్తాడు, తొందరపడేవాడిని ముందుకు లాగడానికే. బంతి కదలకముందే గీత దాటితే 5 గజాలు జరిమానా. కాబట్టి ఎంత అరుపు వినబడినా కదలకుండా, కళ్లు బంతి మీదే ఉంచి, అది కదిలిన క్షణంలో లేవాలి. అమెరికాలో పెద్ద యూనివర్సిటీ స్టేడియాల్లో జనం లక్షకు మించి ఉంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయ స్టేడియం అలాంటిదే. ఆ హోరులో ఈ నిగ్రహం చూపడం పద్దెనిమిదేళ్లకు వచ్చే విద్య కాదు.

మరో కష్టం ఉంది. మధ్యలో నిలబడేవాడి మీదికి చాలాసార్లు ఇద్దరు కలిసి వస్తారు. వాళ్లిద్దరినీ తన మీదే ఆపుకొని వెనక్కు పోకుండా ఉండటమే అతని పని. అప్పుడు వెనక ఉన్న తనవాడికి దారి దొరుకుతుంది, అతను వెళ్లి బంతి ఉన్నవాడిని పడగొడతాడు. స్కోరు పట్టికలో పడగొట్టినవాడి పేరే ఉంటుంది. ఇంటి దగ్గర టీవీ చూసే తల్లిదండ్రులకు మావాడు ఏమీ చేయలేదే అనిపిస్తుంది. కోచ్ వీడియో ఆపి, ఇదిగో ఇక్కడ నీ వల్లే దారి దొరికింది అని చూపించకపోతే ఆ కుర్రవాడికీ అలాగే అనిపిస్తుంది. ఇలా చూపించే కోచ్‌ను మేము మంచి కోచ్ అంటాం.

ఇక కాలం సంగతి. అమెరికా కాలేజీ క్రీడల్లో రెడ్‌షర్ట్ అనే పద్ధతి దశాబ్దాలుగా నడిచింది. ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడవచ్చు. మిగిలిన ఆ ఒక్క ఏడాది కుర్రవాడు జట్టుతోనే ఉంటాడు, తింటాడు, బరువులెత్తుతాడు, క్లాసులకు వెళతాడు, పోటీల్లో మాత్రం దిగడు. 2018లో నిబంధన కొంచెం సడలించారు. నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా ఆ ఏడాది లెక్కలోకి రాకుండా ఏర్పాటు చేశారు. లైన్‌మన్‌లకు ఈ ఏడాది ఎంతో ఉపయోగపడింది. ఊళ్లో ఇది వేరేలా కనిపిస్తుంది. కొడుకు పెద్ద కాలేజీకి ఆడటానికి వెళ్లాడు, ఏడాదైనా ఒక్క మ్యాచ్‌లో కనబడలేదు అంటారు. మనలో ఇంటర్ అయ్యాక కోచింగ్ కోసం ఒక ఏడాది ఆగినవాళ్లకు ఈ మాటలు కొత్త కావు.

జె.జె. వాట్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. విస్కాన్సిన్ రాష్ట్రంలో అగ్నిమాపక ఉద్యోగి కొడుకు. 2007లో సెంట్రల్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ మీద చేరాడు. అప్పుడు అతను ఆడింది డిఫెన్స్ కాదు, బంతి అందుకునే టైట్ ఎండ్ స్థానం. ఒక ఏడాది ఆడి, స్కాలర్‌షిప్ వదులుకొని ఇంటికి వచ్చేశాడు. పిజ్జాలు ఇంటింటికీ చేరవేసే పని చేశాడు. తర్వాత సొంత రాష్ట్రంలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ లేకుండా చేరాడు. కాలేజీ మారినందుకు అప్పటి నిబంధనల ప్రకారం 2008 సీజన్ అంతా ఆడకూడదు. ఆ ఏడాది అతను స్కౌట్ జట్టులో ఉన్నాడు. అంటే వచ్చే వారం ఎదురయ్యే ప్రత్యర్థి ఎలా ఆడతాడో అలా నటించి, తన జట్టులోని అసలు ఆటగాళ్లకు అభ్యాసం ఇచ్చే జట్టు. రోజూ ఆ పెద్దవాళ్లతోనే ఢీ. కొత్త స్థానం నేర్చుకున్నది అక్కడే. 2009, 2010 సీజన్లు ఆడాడు. 2011లో హ్యూస్టన్ టెక్సన్స్ జట్టు అతన్ని 11వ ఎంపికగా తీసుకుంది. 2012, 2014, 2015 సంవత్సరాల్లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు అతనే.

అందరికీ ఒకే కొలత పనికిరాదని చెప్పడానికి ఆరన్ డొనాల్డ్ ఉన్నాడు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 2010లో మొదటి ఏడాదే మ్యాచ్‌ల్లో దిగాడు. అందరూ అన్నది ఈ స్థానానికి ఇతను పొట్టి అని. ఎత్తు సుమారు ఆరడుగుల ఒక అంగుళం. కానీ పన్నెండేళ్ల వయసు నుంచే తెల్లవారుజామున లేచి, తండ్రితో కలిసి ఇంటి నేలమాళిగలో బరువులెత్తినవాడు. అంటే కాలేజీ ఇవ్వవలసిన కాలం అతనికి ఇంట్లోనే దొరికింది. 2013లో జాతీయ స్థాయిలో నాలుగు పెద్ద ట్రోఫీలు గెలిచాడు. ఘనా దేశం నుంచి వచ్చిన జిగ్గీ అన్సా మరో చివర ఉంటాడు. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వచ్చి, 2010లో మొదటిసారి ఈ ఆటలో అడుగుపెట్టాడు. 2013లో డెట్రాయిట్ జట్టు అతన్ని 5వ ఎంపికగా తీసుకుంది.

తిండి విషయం మన హాస్టల్ వాళ్లకు చెప్పకుండా ఉండలేం. 110 కిలోల కుర్రవాడు కండతో 130 కిలోలకు చేరాలంటే మెస్ బాగుండాలి. అయినా అంత డబ్బున్న కాలేజీ క్రీడల్లో కూడా 2014 దాకా స్కాలర్‌షిప్ ఆటగాడికి రోజుకు మూడు పూటల లెక్కే. మధ్యలో పండ్లు, పప్పుగింజలు, బేగెల్ అనే గుండ్రటి రొట్టె ఇవ్వవచ్చు. ఆ రొట్టె మీద జున్ను రాస్తే అది భోజనం కింద లెక్క, ఇవ్వకూడదు! మెస్ బిల్లులో గుడ్డుకూ అరటిపండుకూ జరిగే చర్చలు విన్నవాళ్లకు ఇది నవ్వు తెప్పిస్తుంది. 2014 ఏప్రిల్‌లో కనెక్టికట్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జాతీయ విజేత అయింది. ఆ జట్టు ముఖ్య ఆటగాడు షబాజ్ నేపియర్ కొన్ని రాత్రులు తాను ఆకలితోనే పడుకుంటున్నానని విలేఖరుల ముందు చెప్పాడు. కొద్ది రోజుల్లోనే ఎన్‌సీఏఏ భోజనం మీద పరిమితి ఎత్తేసింది. అంతకుముందు నుంచే చర్చ ఉన్నమాట నిజమే. కానీ ఆకలి గురించి ఒక విద్యార్థి సిగ్గుపడకుండా చెప్పిన మాటకు బలం ఉంటుందని మేము నమ్ముతాం.

ఇప్పుడు బాధ కలిగించే భాగం. పెద్ద శరీరం ఎక్కువ వేడి పుట్టిస్తుంది, ఆ వేడిని త్వరగా బయటికి పంపలేదు. అందువల్ల ఎండలో ఎక్కువ ప్రమాదం లైన్‌మన్‌లకే. 2018 మే 29న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జోర్డాన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల లైన్‌మన్ (గోడ కట్టే వైపువాడు) పరుగుల అభ్యాసంలో కుప్పకూలాడు. జూన్ 13న మరణించాడు. వడదెబ్బ. అలాంటి సమయంలో మొదట చేయవలసింది మంచునీటి తొట్టిలో మెడ దాకా ముంచి ఒళ్లు చల్లబరచడం, ఆ తర్వాతే ఆస్పత్రికి తరలించడం. అది జరగలేదని విచారణలో తేలింది. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు బాధ్యత తమదేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు. తొట్టి, మంచు, నీళ్లు ఖరీదైన వస్తువులు కావు. మే నెలలో మన జిల్లాల్లో వేసవి శిబిరాలు నడిపే పీఈటీ సార్లు ఈ భాగం రెండుసార్లు చదవాలని మనవి. కుర్రవాడు తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది బద్ధకం కాదు.

2006లో రైస్ విశ్వవిద్యాలయంలో డేల్ లాయిడ్ అనే మరో 19 ఏళ్ల ఆటగాడు అభ్యాసం తర్వాత మరణించాడు. అతని రక్తంలో సికిల్ సెల్ లక్షణం ఉంది, ఎవరికీ తెలియదు. ఆ కుటుంబం వేసిన దావా తర్వాత 2010లో పెద్ద కాలేజీల ఆటగాళ్లకు ఈ పరీక్ష నిబంధనగా వచ్చింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ లక్షణం ఉన్నవాళ్లు ఉన్నారు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో పరీక్ష ఉచితం. లక్షణం ఉన్నంత మాత్రాన ఆట మానక్కర్లేదు. మధ్యమధ్య విశ్రాంతి, నీళ్లు ఇచ్చి, భారం నెమ్మదిగా పెంచితే చాలు.

చదువు గురించి ఒక్క మాట. కాలేజీలో ఆడేవాళ్లలో వందకు ఇద్దరు కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంపిక దాకా చేరరు. తక్కినవాళ్లకు మిగిలేది డిగ్రీ, అరిగిన మోకాళ్లు. తలకు పదే పదే తగిలే చిన్న దెబ్బల ప్రభావం గురించి కూడా ఇప్పుడు వైద్యులు గట్టిగా మాట్లాడుతున్నారు.

ఇటీవల ఈ లోకం చాలా మారింది. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2021లోనే ఒకసారి కాలేజీ మారినా వెంటనే ఆడే వీలు వచ్చింది, 2024లో ఎన్నిసార్లు మారినా ఆడవచ్చన్నారు. 2025లో కోర్టు ఒప్పందంతో కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాయి. పేదింటి కుర్రవాడి చేతికి నాలుగు డబ్బులు రావడం న్యాయమే, అందులో మాకు రెండో మాట లేదు. అయితే నారు పోసేది చిన్న కాలేజీ, కోత కోసేది పెద్ద కాలేజీ అవుతోంది. రెండేళ్లు తినిపించి, వంగడం నేర్పి, చేతులు సరిచేసిన కుర్రవాడు మూడో ఏడాదికి మరో రంగు చొక్కాలో కనిపిస్తాడు. అది తెలిసిన కోచ్ మరో పద్దెనిమిదేళ్లవాడి కోసం ఓపిక పట్టడు, వేరే చోట తయారైనవాడినే తెచ్చుకుంటాడు. ఇప్పటి నిబంధనలే అప్పుడు ఉంటే వాట్ 2008లోనే పోటీల్లో దిగి ఉండేవాడు. మాకు మాత్రం, ఎవరూ చూడని ఆ స్కౌట్ జట్టు ఏడాది అతనికి దక్కడమే మంచిదైందనిపిస్తుంది.